ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరితే ఏ ఊళ్ళో పని చేస్తాం?

వచ్చిన ప్రశ్న ఇది: "శ్రీకాకుళంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌ఎస్‌ఎస్‌లో పేరు ఇచ్చాను. మన రాష్ట్రంలో వాలంటీర్లు ఎక్కడెక్కడ పని చేస్తారు? కాలేజీ ఆవరణ ఊడవడం తప్ప ఇంకేమీ ఉండదని సీనియర్లు అంటున్నారు. ఏడు రోజుల క్యాంపుకు పంపడానికి అమ్మ భయపడుతోంది. పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?"

అమ్మా, ముందు నేనెవరో చెబుతాను. 1988 నుంచి రెండేళ్ళు డిగ్రీ విద్యార్థిగా నేనూ వాలంటీరునే. తర్వాత అధ్యాపక వృత్తిలోకి వచ్చాక, 2014 నుంచి నాలుగేళ్ళు కనిగిరి, మార్కాపురం వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఈ పథకం చూసుకునే ప్రోగ్రాం ఆఫీసరుగా ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగ విరమణ అయింది. అయినా ఎవరైనా పిలిస్తే క్యాంపుకు వెళ్ళి ఒక రాత్రి ఉండి వస్తాను.

రాష్ట్రంలో ఎక్కడెక్కడ అని అడిగావు. నీ కాలేజీలో పొద్దున బయలుదేరి, పని చేసి, చీకటి పడకముందే ఇల్లు చేరగలిగినంత దూరంలో ఉన్న ఊరు ఏదైతే అదే నీ చోటు. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా యూనిట్ ఉన్న ప్రతి కాలేజీకీ చుట్టుపక్కల అలాంటి ఊరో బస్తీయో ఒకటి ఉంటుంది. రాజధానిలో కూర్చుని ఒక జాబితా వేసి, ఈ జిల్లాకు ఇంతమంది అని పంపించే పద్ధతి ఇందులో లేదు. యూనిట్ అంటే సాధారణంగా వందమంది విద్యార్థులు, వారికి ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ప్రోగ్రాం ఆఫీసరు. ఆ యూనిట్ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. యూనిట్లన్నిటినీ కలిపి చూసుకోవడానికి విశ్వవిద్యాలయంలో ఒక సమన్వయకర్త ఉంటారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కేంద్రం తరఫు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. పైన ఎంత వ్యవస్థ ఉన్నా, పని జరిగేది మాత్రం ఆ ఒక్క ఊళ్ళోనే.

ఈ పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో 40 వేలమంది విద్యార్థులతో ప్రారంభించారు. ఇప్పుడు దేశం మొత్తం మీద వాలంటీర్లు సుమారు 40 లక్షలు. ఆలోచన మాత్రం ఇంకా పాతది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమే విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేసే ఏర్పాటు ఉండాలని సూచించింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ సంఘం దాన్ని అందరికీ తప్పనిసరి చేయమంది. చాలా చర్చ జరిగాక చివరికి స్వచ్ఛంద పద్ధతే నిలిచింది. నిన్ను బలవంతాన చేర్చలేదు, నువ్వే పేరు ఇచ్చావు. ఆ తేడా చిన్నది కాదు, గుర్తుంచుకో.

దేశ్‌ముఖ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన మన స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయమ్మ భర్త. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపవద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్నీ ఆపింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ప్రతి సంవత్సరం కొత్త వాలంటీర్లకు మొదటి రోజు ఈ సంగతి చెప్పేవాణ్ణి. నీకు అప్పగించిన చోటు ద్వారబంధం దగ్గరైనా సరే, అది నీ చోటు.

ఇక సీనియర్ల మాట. వాళ్ళు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పని చేయాలి. మార్గదర్శకాల ప్రకారం ఆ 120లో 20 గంటలు అవగాహన తరగతులకు, 30 గంటలు కాలేజీ ఆవరణ పనులకు, మిగిలిన 70 గంటలు బయట సమాజంలో పనికి. అంటే ఊడవడానికి, చెట్ల పాదులు తీయడానికి 30 గంటలు ఉన్నాయి. కొన్ని యూనిట్లలో ఆ 30 గంటలే 120 అయిపోతాయి. బయటికి తీసుకువెళ్ళాలంటే బస్సు ఏర్పాటు, అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు, ఎండ, బాధ్యత. కాలేజీలోనే చీపుళ్ళు ఇచ్చి ఫోటో తీసుకుంటే ఇవేవీ ఉండవు. కాబట్టి నువ్వు వెళ్ళి మీ ప్రోగ్రాం ఆఫీసరును ఒకే ప్రశ్న అడుగు: "మన దత్తత గ్రామం పేరేమిటి సార్?" వెంటనే ఊరి పేరు, సర్పంచి పేరు చెబితే నీ యూనిట్ బతికి ఉన్నట్టే. చూసి చెబుతాను అంటే, నీలాంటి నలుగురు కలిసి ఆ ఊరిని వెతికే పనిలోనే ఆయనకు సాయం చేయండి. ఆయన మంచి మనిషే అయి ఉంటారు. క్లాసులు, పరీక్షలు, మరో మూడు కమిటీల పని మీద పడి ఉంటుంది. అడిగే విద్యార్థి ఉంటే కదిలే అధ్యాపకులు చాలామంది ఉన్నారు.

దత్తత గ్రామం గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మా ప్రాంతంలో నేల కింద నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్ళ మోకాళ్ళలో బిగుసుకుపోయిన నొప్పి. ఆ ఊళ్ళలో పుట్టి పెరిగిన నా విద్యార్థులే ఎందరో నవ్వేటప్పుడు చేత్తో నోరు కప్పుకునేవారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నేను బాధ్యత తీసుకున్న మొదటి ఏడాది మా యూనిట్ ఊళ్ళోని చేతి పంపులన్నిటి నీటినీ పరీక్షించాలని అనుకుంది. రసాయన శాస్త్రం మేడం పరీక్ష పెట్టె తెచ్చారు. బడి అరుగు మీద గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టి, ఒక్కో దానికి పంపు ఉన్న వీధి పేరు రాసిన చీటీ అంటించారు పిల్లలు. మందు చుక్కలు వేస్తే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ గులాబీ పసుపులోకి జారుతుంది. రామాలయం దగ్గర పంపు నీరు గులాబీగానే నిలిచింది. చావిడి పంపు కొంచెం పాలిపోయింది. బడి గేటు దగ్గర పంపు నీరు పూర్తిగా పసుపు. పిల్లలు రోజూ మధ్యాహ్నం భోజనం చేసి కంచాలు కడుక్కుని, దోసిలి పట్టి తాగేది ఆ పంపు దగ్గరే. అరుగు చుట్టూ గుమిగూడిన మా వాళ్ళలో ఒక్కరూ మాట్లాడలేదు. వారిలో ఇద్దరు ఆ బడిలో చదివినవాళ్ళే.

పంచాయతీ వాళ్ళతో మాట్లాడి ఆ పంపు మీద "వాడుకకు మాత్రమే, తాగరాదు" అని ఎర్ర రంగుతో రాయించాం. పని అయిపోయిందని అనుకున్నాం. వారం తర్వాత వెళితే ఒక పెద్దావిడ అదే పంపు దగ్గర బిందె నింపుకుంటోంది. "ఇవి తాగవద్దమ్మా" అన్నాడు మా కుర్రాడు. "క్యాను నీళ్ళు కొనడానికి మీ కాలేజీ డబ్బులిస్తుందా? రామాలయం దాకా నేను నడవగలిగితే ఈ బోరు దగ్గరికి ఎందుకు వస్తాను?" అంది. కోపంగా అనలేదు, మోకాలు చూపించి అంది. మేము రంగు పూశాం గానీ ఆవిడ నడవలేదన్న సంగతి మా లెక్కలో లేదు. ఆ తర్వాతి రెండు ఆదివారాలు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎవరు మోస్తున్నారు, నెలకు క్యానుకు ఎంత పెడుతున్నారు అన్నది రాశాం. ఆ కాగితాల ప్రతి ఒకటి సర్పంచికి ఇచ్చాం, ఒకటి మండలంలో నీటి సరఫరా ఇంజినీరుకు ఇచ్చాం. మరుసటి ఏడాది బ్యాచ్ అదే ఊరికి వెళ్ళి మళ్ళీ అడిగింది. మూడో ఏడాది బడికి, ఆ వీధికి రక్షిత నీటి పథకం కుళాయి వచ్చింది. మా అర్జీ వల్లే వచ్చిందని నేను చెప్పను. సర్పంచి కాళ్ళరిగేలా తిరిగారు. ఆయన చేతిలో ప్రతిసారీ ఉన్న కాగితాలు మాత్రం మా పిల్లలు రాసినవి.

అందుకే అంటాను, ఏ ఊరు అన్నదాని కన్నా ఎన్నోసారి వెళ్ళాం అన్నది ముఖ్యం. రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళను ఊళ్ళు చాలామందిని చూశాయి. మొదటిసారి వెళితే కుర్చీ వేస్తారు, రెండోసారి మజ్జిగ ఇస్తారు, మూడోసారి అసలు సంగతి చెబుతారు. నా అనుభవంలో ఇది ఎక్కడా తప్పలేదు.

తప్పులూ చేశాం, అవీ తెలుసుకో. ఒక డిసెంబరు క్యాంపులో రోడ్డు పక్కన రెండు వందల మొక్కలు నాటాం. మే నెలలో వెళితే బతికినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా వైపు డిసెంబరులో నాటిన మొక్కకు ఆరు నెలల పాటు వాన చుక్క ఆశ ఉండదు. నీళ్ళు పోసేదెవరో తేల్చుకోకుండా నాటడం నా పొరపాటే. ఆ తర్వాత మొక్కలు జూలైలో మాత్రమే, అది కూడా ఒక్కో ఇంటి ముందు ఆ ఇంటివాళ్ళు అడిగిన చెట్టు. కరివేపాకు, జామ, నిమ్మ అడిగారు. అవి బతికాయి. ఇంకోసారి చేతి పంపు దగ్గర ఇంకుడు గుంత తవ్వాం. ఆరడుగుల లోతు, గట్టి గరప నేల, గడ్డపార వేస్తే నిప్పులు లేచేవి. పిల్లల అరచేతులు బొబ్బలెక్కాయి. పెద్ద రాళ్ళు, చిన్న రాళ్ళు, పైన ఇసుక, అన్నీ పద్ధతిగా పరిచాం. గొర్రెలు తోలుకుని వెళుతున్న ఒక తాత ఆగి చూసి, "నీళ్ళు అటు పోతాయి, గుంత ఇటు తవ్వారు" అన్నాడు. నిజమే, వాలు రెండో వైపుకు ఉంది. ఒక చిన్న కాలువ తీసి నీటిని మళ్ళించి సరిచేశాం. అప్పటి నుంచి తవ్వే ముందు బిందెడు నీళ్ళు నేల మీద పోసి ఎటు పారతాయో చూడటం మా యూనిట్‌లో అలవాటైంది.

నగరాల్లో దత్తత అంటే ఊరి బదులు బస్తీ. విశాఖ, విజయవాడ, గుంటూరు కాలేజీలకు కొండవాలు మీదో, కాలువ గట్టు మీదో, రైలు పట్టాల పక్కనో ఉన్న కాలనీలు ఉంటాయి. అక్కడ పని వేరుగా ఉంటుంది. పగలు ఇళ్ళకు తాళాలుంటాయి, అందరూ కూలికి వెళతారు. సాయంత్రం ఆరు తర్వాతే మనుషులు దొరుకుతారు. అందుకని బస్తీలో ఎక్కువగా నిలిచే పని పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం. అమ్మాయిలు ఆ వేళకు తిరిగి రావడం ఎలా అన్నది ముందే చూసుకోవాలి.

ఆసుపత్రులకు సంబంధించిన పని ప్రతి యూనిట్‌కూ ఉంటుంది. రక్తదానం అందులో మొదటిది. పద్దెనిమిదేళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటేనే ఇవ్వగలరు. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. మన అమ్మాయిల్లో చాలామందికి హిమోగ్లోబిన్ చాలదని ఆ శిబిరంలోనే మొదటిసారి తెలుస్తుంది. ఇవ్వలేకపోయామని ఏడ్చిన పిల్లల్ని చూశాను. ఏడవకూడదు. ఆ చీటీ పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఐరన్ మాత్రలు తెచ్చుకోవాలి. ఇవ్వలేనివాళ్ళు దాతల పక్కన కూర్చుని మాట్లాడటం, పండ్ల రసం అందించడం, రక్తవర్గాల జాబితా రాసిపెట్టడం చేయవచ్చు. ఆ జాబితా అర్ధరాత్రి ఒక ప్రసవం కేసుకు ఎంత విలువైనదో ఆసుపత్రి వరండాలో నిలబడినవాళ్ళకు తెలుసు. పల్స్ పోలియో ఆదివారాలు, పోలింగ్ రోజున వృద్ధులను, దివ్యాంగులను చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళడం, జాతరలు, పుష్కరాలలో మంచినీళ్ళు, తప్పిపోయిన పిల్లల కేంద్రం, ఇవన్నీ కూడా వాలంటీర్లకు వస్తాయి. మీకు అరసవల్లి రథసప్తమి పక్కనే ఉంది. రద్దీలో నిలబడే పనికి వెళితే ఒక్క సలహా: చెప్పులు గట్టివి వేసుకో, నీళ్ళ సీసా నీకోసం కూడా ఒకటి ఉంచుకో, నీ చోటు వదలవద్దు.

విపత్తులు వేరే సంగతి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి మా అధ్యాపకులు చెబుతుంటే విన్నాను. పుస్తకాలు పక్కన పెట్టి వెళ్ళిన విద్యార్థులు శవాలు మోశారని చెప్పి ఆయన మాట ఆపేసేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక, కూలిన చెట్లు తొలగించడానికి విద్యార్థులు రోజుల తరబడి పని చేశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఆహార పొట్లాలు కట్టి పంచినవాళ్ళలో కాలేజీ పిల్లలు ఎందరో ఉన్నారు. ఇలాంటి సమయంలో ఉత్సాహం ఆపుకోవడం కష్టం. అయినా ఎవరూ పిలవకుండా నీట్లోకి వెళ్ళకు. మీ ప్రోగ్రాం ఆఫీసరు ద్వారా, రెవెన్యూ అధికారులు చెప్పిన చోటికి మాత్రమే వెళ్ళాలి. రక్షించడానికి శిక్షణ పొందినవాళ్ళు వేరే ఉన్నారు. మన పని ఎక్కువగా నీళ్ళు తగ్గాక మొదలవుతుంది. బురద ఎత్తిపోయడం, తడిసిన సర్టిఫికెట్లు ఆరబెట్టి ఇవ్వడం, నష్టపరిహారం దరఖాస్తులు రాసిపెట్టడం. పత్రికలవాళ్ళు వెళ్ళిపోయిన పదో రోజున కూడా ఆ పని మిగిలే ఉంటుంది.

మీ జిల్లా గురించి ప్రత్యేకంగా రెండు మాటలు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో నాకన్నా నీకే బాగా తెలుసు. ఫలానాదే కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పలేని జబ్బు అది. మీ యూనిట్ ఆ ఊళ్ళకు వెళితే వైద్యం గురించి ఒక్క సలహా కూడా ఇవ్వవద్దు, ఈ నీళ్ళు మానండి ఆ ఆకు తినండి అని చెప్పవద్దు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు వెళ్ళే మనిషికి తోడుగా వెళ్ళేవాళ్ళు లేని ఇళ్ళు ఉంటాయి. రక్తపరీక్ష తేదీ మరిచిపోయే ముసలివాళ్ళు ఉంటారు. ఆశా కార్యకర్తను అడిగితే ఏ ఇంటికి ఏ సాయం కావాలో చెబుతుంది. ఆమె చెప్పినట్టు చేయండి, చాలు.

రెండోది సవర గిరిజనుల ఊళ్ళు. సీతంపేట ఏజెన్సీ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా, మీ వైపు కాలేజీలకు దూరం కాదు. అక్కడ పిల్లలకు తెలుగు ఇంట్లో మాట్లాడే భాష కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలోనే సవర పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు చేశారు, నిఘంటువు తయారు చేశారు. మీ జిల్లా మనిషి వేసిన దారి అది. మీరు వెళితే కనీసం ఇరవై సవర మాటలు నేర్చుకుని వెళ్ళండి. నీళ్ళు, అన్నం, జ్వరం, నొప్పి, బడి, రేపు వస్తాను. ఆ చివరి మాట చెప్పారంటే రేపు వెళ్ళి తీరాలి.

ఇంకో చిక్కు ఉంది. మన రాష్ట్రంలో వాలంటీరు అంటే జనానికి వేరే అర్థం పడిపోయింది. 2019 ఆగస్టు 15న యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున, నెలకు ఐదు వేల గౌరవ వేతనంతో గ్రామ వాలంటీర్లను ప్రభుత్వం పెట్టింది. ఆ తర్వాత నేను ఒక క్యాంపుకు వెళితే, "వాలంటీర్లం అమ్మా" అని తలుపు తట్టిన పిల్లలను ఒక అవ్వ లోపలికి పిలిచి, చాప వేసి, పింఛను కోసం వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపింది. వాళ్ళకు ఏం చెప్పాలో తోచలేదు. అందుకని నువ్వు "ఫలానా కాలేజీలో చదువుకుంటున్నాం, క్యాంపుకు వచ్చాం" అని మొదలుపెట్టు. ఆధార్ నంబరు అడగవద్దు. అనుమతి లేకుండా ఫోటో తీయవద్దు. నీ చేతిలో డబ్బుగానీ పథకంగానీ లేదని మొదటి మాటలోనే చెప్పు. ఆశ పెట్టి వచ్చేయడం కన్నా ఊరికి చేసే అన్యాయం లేదు.

ఇక అమ్మ భయం. అది న్యాయమైన భయమే, తీసిపారేయవద్దు. ప్రత్యేక శిబిరం ఏడు రోజులు, యూనిట్‌లో సగం మంది వెళతారు. సాధారణంగా దత్తత గ్రామంలోని బడిలోనో, సంక్షేమ వసతి గృహంలోనో బస. అమ్మాయిలకు వేరే భవనం లేదా లోపలి గదులు, రాత్రి వారితోపాటే ఒక అధ్యాపకురాలు ఉండాలి. అధ్యాపకురాలు లేకుండా అమ్మాయిలను రాత్రి ఉంచే క్యాంపుకు నువ్వు వెళ్ళవద్దు, అది నా మాటగా చెప్పు. నేను క్యాంపు చోటు చూడటానికి వెళితే ముందు మరుగుదొడ్డి తలుపు గొళ్ళెం పడుతుందో లేదో చూసేవాణ్ణి, తర్వాతే మిగతావి. ఒక ఏడాది గొళ్ళెం లేని చోట మేకు కొట్టి తాడు కట్టుకున్నాం. మరుసటి ఏడాది వడ్రంగిని ముందే పిలిచాం. నెలసరి రోజుల్లో శ్రమదానం నుంచి మినహాయింపు అడగడానికి సిగ్గుపడవద్దు, వంట దగ్గరో రాత పని దగ్గరో కూర్చోవచ్చు.

రోజు తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతుంది. జెండా, ప్రార్థన, టిఫిను, తర్వాత ఎండ ముదిరేదాకా శ్రమదానం. మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు, వ్యవసాయ అధికారి, డాక్టరు, న్యాయవాది. సాయంత్రం ఇంటింటి సర్వే, చీకటి పడ్డాక రచ్చబండ దగ్గర పాటలు, నాటికలు. పడుకునే ముందు ఆ రోజు ఏం జరిగిందో అందరూ చెప్పుకోవాలి. నేను ఎన్ని ఉపన్యాసాలు పెట్టించినా, పిల్లలు ఏళ్ళ తర్వాత గుర్తు చేసుకునేది ఈ చివరి అరగంటనే. అమ్మను మూడో రోజు క్యాంపుకు రమ్మను. మధ్యాహ్నం భోజనం మీతోనే చేయమను. మా క్యాంపులలో భయపడి వచ్చిన తల్లులు గరిటె అందుకుని వడ్డించినవాళ్ళే. ఒకరైతే సాంబారులో ఉప్పు చాలలేదని వంటమనిషితో తగువు పెట్టుకుని, సాయంత్రం దాకా ఉండి వెళ్ళారు.

240 గంటలు, ఒక ప్రత్యేక శిబిరం పూర్తయితే సర్టిఫికెట్ ఇస్తారు. 2023 అక్టోబరు 31న కేంద్రం యువత కోసం మొదలుపెట్టిన మై భారత్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకో, అవకాశాలు అందులో వస్తుంటాయి. గంటల లెక్క మీ కాలేజీ రిజిస్టరులో సరిగా పడుతోందో లేదో నెలకోసారి చూసుకో. చివరి సంవత్సరంలో పడలేదని తెలిసి ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

మొదటిసారి ఊరికి వెళ్ళేటప్పుడు ఒక పాత నోటు పుస్తకం, రెండు పెన్నులు, టార్చిలైటు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, తలకు కట్టుకోవడానికి తుండుగుడ్డ తీసుకువెళ్ళు. ఊళ్ళో అడుగుపెట్టగానే పంచాయతీ కార్యాలయానికి వెళ్ళకముందు అంగన్‌వాడీ దగ్గర ఆగు. ఏ ఇంట్లో పసిపిల్ల ఉంది, ఏ ఇంట్లో ఒంటరిగా ముసలావిడ ఉంది, ఏ వీధికి నీళ్ళు రావు, ఆ టీచరుకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆమె చెప్పింది రాసుకో, తేదీ వేసుకో, మళ్ళీ ఏ ఆదివారం వస్తావో ఆమెకే చెప్పి రా. వెళ్ళి వచ్చాక ఊరి పేరు ఇక్కడ రాయి. ఆ వైపు పని చేసిన పాత ప్రోగ్రాం ఆఫీసర్లు ఇద్దరు నాకు తెలుసు, నీ ప్రశ్న వాళ్ళకు చూపిస్తాను.